సోమయాజులు గారి ముక్కు

దేవుడు మనుషులకు ముక్కు ఇచ్చింది ఊపిరి పీల్చుకోవడానికి. తనకు మాత్రం లోకాన్ని తనిఖీ చెయ్యడానికి ఇచ్చాడని సోమయాజులు గారి నమ్మకం. వాసన చూడనిదే ఆయన ఏ వస్తువునూ ముట్టేవారు కాదు. కాఫీ వాసన చూసి తాగేవారు, అది అందరూ చేసేదే. చొక్కా వాసన చూసి తొడుక్కునేవారు, అదీ కొందరు చేస్తారు. బస్సు టిక్కెట్టు కూడా వాసన చూసే జేబులో పెట్టుకునేవారు. అక్కడే కండక్టర్లకు ఒళ్ళు మండేది.

"ఏంటండీ పంతులుగారూ, దొంగ టిక్కెట్టనుకున్నారా?"

"కాదు నాయనా. ఇందాక నువ్వెవరిదో బుట్ట పైకెక్కించావు. పెద్దరసాలు. గడ్డిలో మాగినవి. అవునా?"

కండక్టరు నోరు తెరిచి, "అవునండీ, రెడ్డిగూడెం సరుకండి!" అనేవాడు. సోమయాజులు గారు కళ్ళజోడు సర్దుకుని, పరీక్ష పాసైనవాడిలా కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఆయన భార్య రాజరాజేశ్వరికి ఈ ముక్కుతో పరిచయం పెళ్ళిచూపులనాడే అయింది. జి. కొండూరులో పుట్టింటి హాల్లో ఆవిడ తల వంచుకుని మామిడిపళ్ళ పళ్ళెం తెచ్చి పెట్టింది. పెళ్ళికొడుకు పిల్లను చూడలేదు. ఒక పండు తీసి, తొడిమ దగ్గర ముక్కు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. హాల్లో అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఆహా! చిన్నరసం. బావి పక్క చెట్టుదండీ."

"బావి పక్కదని ఎలా తెలిసిందయ్యా?" అని పిల్ల తండ్రి కుర్చీలోంచి లేచిపోయారు.

"తడి నేల తగులుతోంది."

అంతే. ముహూర్తాలు పెట్టేసుకున్నారు. "నన్నొకసారి అడగొద్దూ?" అని రాజరాజేశ్వరి అలిగితే, "పండు పట్టుకుని చెట్టును గుర్తుపట్టినవాడు పెళ్ళాన్ని గుర్తుపట్టడటే?" అని తేల్చేశారు నాన్నగారు.

గుర్తుపట్టాడు కూడా. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. వంటింట్లో పోపు వేస్తుంటే వీధి అరుగు మీంచి "ఆహా, ఇంగువ ఇవాళ చెయ్యి జారింది!" అనేవారు. ఆవిడ జడలో మల్లెలు పెట్టుకుంటే పేపరు చదువుతూనే "ఆహా!" అనేవారు. తల ఎత్తేవారు కాదు. ఎత్తవలసిన అవసరమే ఉండేది కాదు.

నూజివీడు రిజిస్ట్రాఫీసులో ఆయన గుమాస్తా. అక్కడా అదే తంతు. దస్తావేజు పట్టుకుని ఎవరైనా ఎదురుగా నిలబడితే ముందు గాలి పీల్చేవారు.

"తోటకి నిన్న మందు కొట్టించావా?"

"మొన్నండీ. ఎలా తెలిసిందండీ?"

"చొక్కా చెప్పింది. వెళ్ళి ఆ కుళాయి దగ్గర సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుని రా. తరవాత వేలిముద్ర."

వేలిముద్ర వేశాక చెయ్యి కడుక్కోవడం ఎక్కడైనా ఉన్నదే. వెయ్యడానికి ముందు కడిగించే ఆఫీసు కృష్ణా జిల్లా మొత్తం మీద అదొక్కటే.

ఆ ముక్కుకు పండగంటే మాఘమాసం. రెడ్డిగూడెం రోడ్డులో వాళ్ళకు తాతల నాటి చిన్న తోట ఉండేది. అన్నీ ముసలి రసాల చెట్లు. పూత కాలంలో ఆదివారం వస్తే చాలు, రాజరాజేశ్వరి పులిహోర కట్టేది, ఇద్దరూ బండి కట్టించుకుని వెళ్ళేవారు. తోట అరమైలు దూరాన ఉండగానే ఆయన "ఇక ఎవరూ మాట్లాడకండి" అనేవారు. ఉన్నది తనూ, ఆవిడా, ఎద్దులూ, బండివాడూ. అందరూ నోరు మూసుకునేవారు. ఆ వాసన తియ్యనా అంటే తియ్యన కాదు, పులుపా అంటే కాదు. పచ్చిపాలు, తేనె, ఎండ తగిలిన ఆకు, మూడూ కలిసి ఒంటి మీద వాలినట్టుండేది. చెట్టు కింద చాప వేసుకుని కూచుంటే నెత్తి మీద తేనెటీగల రొద, ఎవరో కనబడకుండా తంబూరా మీటుతున్నట్టు. ఊరికి తిరిగి వచ్చినా చీర మడతల్లో ఆ వాసన రెండు మూడు రోజులు మిగిలేది.

తరవాత కాలం మారింది. కాపు బాగా రావాలంటే మందు కొట్టాలన్నారు. వీరభద్రరావని ఒక వ్యాపారి, పూత మీద ఉండగానే కాపంతా కొనేసి, వీళ్ళ తోట కూడా తీసుకున్నాడు. తేనెమంచు పురుగు పట్టకుండా ఒకసారి, పట్టిందని ఒకసారి, పక్క తోటవాడు కొట్టాడు గనక మనం వెనకబడకూడదని ఒకసారి కొట్టించాడు. సోమయాజులు గారు సెలవు పెట్టి మరీ వెళ్ళి, పొద్దస్తమానం పంపుల పక్కనే నిలబడ్డారు. "మోతాదు తగ్గించండయ్యా, పూత మాడుతోంది" అని ఆయన అరుపు. "కాస్త అవతలికి జరగండి పంతులుగారూ, మీ మీద పడుతోంది" అని వాళ్ళ అరుపు.

ఆ వారం ఆదివారం భార్యాభర్తలు తోటకు వెళ్ళారు. తంబూరా ఆగిపోయింది. చెట్ల మొదళ్ళలో తేనెటీగలు, రాలిన పూతతో కలిసి, కందిపప్పు ఒలకబోసినట్టు పడి ఉన్నాయి. ఆయన గుప్పెడు ఎత్తుకుని వాసన చూశారు. మళ్ళీ ఒకసారి చూశారు. ఆ పూట పులిహోర విప్పకుండానే ఇంటికి తిరిగి వచ్చింది.

మరుసటి ఏడు తోట ఎవరికీ ఇవ్వలేదు. మందూ కొట్టించలేదు. కాయల మీద నల్లగా మసి పట్టింది. ఊళ్ళో దానికి 'సోమయాజులు గారి మసితోట' అని పేరు పెట్టారు. బజారులో ఎవరూ ఆ కాయ కొనలేదు. ఇల్లంతా కాయలే. ఆ వేసవి రాజరాజేశ్వరి వీధి వీధంతటికీ ఆవకాయ పెట్టి పంచింది.

ఆ దరిదాపుల్లోనే ముక్కు గుణం మారింది. వాసన చూడటం మానలేదు, నిజానికి ఇంకా ఎక్కువైంది. కానీ తీర్పులన్నీ శిక్షలే. అరటిపండు చూసి "కార్బైడు!" పాలు చూసి "నీళ్ళు!" బియ్యం చూసి "గమాక్సిన్ పురుగుల పొడి!" ఇంట్లో 'ఆహా' అన్న మాట వినబడి ఎన్నాళ్ళయిందో రాజరాజేశ్వరికి గుర్తు లేదు. కొత్తావకాయ కలిపి ముద్ద చేతిలో పెడితే, ముక్కు దగ్గరకు తీసుకెళ్ళి, ఫైలు మీద సంతకం పెట్టినట్టు "బాగుంది" అన్నారు. జడలో పువ్వులు పెట్టుకుని రెండుసార్లు పేపరు ముందు నుంచి నడిచింది. పేపరు కదల్లేదు. వయసు మీద పడితే మగవాళ్ళంతా ఇంతే కాబోలనుకుంది. అయినా సాయంత్రం అరుగు మీద కూచున్నప్పుడు, బండిలో వెళ్ళిన ఆ ఆదివారాల కోసం ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. చీర మడత తీసి చూసుకుంటే సబ్బు వాసన తప్ప ఏమీ ఉండేది కాదు.

ఉంగుటూరులో, కూతుర్నిచ్చిన వియ్యంకులు వెంకటకృష్ణారావు గారి ఇంట్లో జరిగింది మరీ అన్యాయం. విస్తట్లో గుత్తివంకాయ వడ్డించారు. సోమయాజులు గారు వంగి వాసన చూసి, పక్కకు నెట్టారు.

"మందు కొట్టిన కాయ."

"బావగారూ! మా పెరట్లోదండీ! దానికి బూడిద చల్లడం తప్ప మందే ఎరగం!"

"నా ముక్కు అబద్ధం చెప్పదు బావగారూ."

వియ్యపురాలు గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. తిరుగు బస్సులో రాజరాజేశ్వరి మొహం తిప్పుకుని కూచుంది. "ఆ ముక్కు కోసి ఇంట్లో పెట్టి రావలసింది" అంది నూజివీడు వచ్చాక. దారి పొడుగునా ఆవిడ అన్న మాట అదొక్కటే.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఏడాది వ్యవహారం ముదిరింది. సోమయాజులు గారు ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి రావడం మానేశారు. ఎక్కడికెళ్ళారంటే "గాలి పీల్చుకోవడానికి" అనేవారు. ఆయన అంటే నమ్మదగ్గ మాటే. కానీ పక్కింటి సుబ్బాయమ్మ గారు గోడ మీంచి అసలు సంగతి అందించింది.

"మీ ఆయన తోటకూలీల పేటలో తిరుగుతున్నారటమ్మా రాజేశ్వరీ. గుడిసె గుడిసెకీ వెళ్ళి కుండల్లో ముక్కు పెడుతున్నారట!"

"కుండల్లోనా? ఎందుకూ?"

"సారా కోసమట. పోలీసులకు పట్టివ్వడానికని కొందరంటున్నారు." సుబ్బాయమ్మ గారు గొంతు తగ్గించింది. "గొంతులోకి పట్టించడానికని కొందరంటున్నారు."

రాజరాజేశ్వరికి తల కొట్టేసినట్టయింది. అదే సమయంలో అటక మీద బిందెలు తగ్గడం మొదలైంది. మొదట ఇత్తడి బిందె. తరవాత స్టీలు బిందె. ఆ తరవాత గంగాళం. అడిగితే "మాట్లు వేయించడానికి ఇచ్చాను" అన్నారాయన. స్టీలు బిందెకు మాటేమిటో ఆవిడకు బోధపడలేదు. సారా మాటా, బిందెల మాటా పక్కపక్కన పెట్టుకుంటే ఆవిడకు అన్నం సయించలేదు. ఒకనాడు ఆఫీసు వదిలే వేళ దాటాక ఇంటికి తాళం వేసి, కొంగు భుజం నిండా కప్పుకుని, పేటకు బయలుదేరింది.

పేట మొదట్లో ఎవరిదో పశువుల పాక ఉంది. దాని చాటున నిలబడి చూసింది. సోమయాజులు గారు వీధి మధ్య ముక్కాలిపీట మీద, కోర్టులో జడ్జీలా కూచుని ఉన్నారు. ఎదురుగా ఆడవాళ్ళు తలొక రేకుడబ్బా పట్టుకుని వరస కట్టారు. పురుగుమందు వచ్చే పెద్ద డబ్బాలవి. ఖాళీ అయ్యాక తోటల్లోంచి తెచ్చుకుని, తోముకుని, మంచినీళ్ళు పోసుకునే డబ్బాలు.

"తోమానండీ పంతులుగారూ. ఇటికరాయి పొడీ, చింతపండూ వేసి తోమాను. అద్దంలా మెరుస్తంది, చూడండి" అంటోంది ఒకావిడ.

ఆయన డబ్బాలోకి తల దూర్చారు. బయటికి తీసి, కళ్ళు మూసుకుని, "ఎండ్రిన్" అన్నారు. ఆ పేటలో ఏ పురుగుమందుకైనా అదే పేరు.

"మెరిసినా వాసన పోలేదండీ?"

"పోలేదమ్మా. రేకులోకి ఇంకిపోయింది. ఇందులో నీళ్ళు మనిషి తాగేవి కావు. అక్కడ పెట్టు."

ఆయన వెనక, గునపంతో పొడిచి నలగ్గొట్టిన డబ్బాలు గుట్టగా పడి ఉన్నాయి. పక్కన ఒక గోనెసంచి. ఆయన అందులోంచి ఒక బిందె తీసి ఆవిడకిచ్చారు. పొద్దున్న అటక మీద ఉన్న బిందె. రాజరాజేశ్వరి అటూ ఇటూ చూసింది. ఒక గుడిసె ముందు ఇత్తడి బిందె, ఇంకో దాని అరుగు మీద గంగాళం. చేరువలో ఉన్న బిందె మెడ మీద అక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయి: 'చి. సౌ. రాజరాజేశ్వరికి, జి. కొండూరు.' పేటంతా తన సారె సామాను కొలువై ఉంది. ఆవిడకు కోపం రావలసిందే. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఎవరి పిల్లో వచ్చి ఆ బిందెలోంచి చెంబు ముంచుకుని గటగటా తాగి వెళ్ళింది. కోపం అక్కడే ఆగిపోయింది.

అప్పుడు వరసలో లేయా అనే ఆమె ముందుకొచ్చింది. తోటల్లో కాయ కోతకు వెళ్ళే మనిషి, గట్టి గొంతు. మూత పెట్టిన డబ్బా ఒకటి ఆయన ముందు పెట్టి మూత తీసింది. పాక చాటున ఉన్న రాజరాజేశ్వరికి గుప్పున ఆవపిండి ఘాటు, దాని వెనకే నువ్వులనూనె వాసన తగిలాయి. అది ఎవరి చేతి పాళ్ళో కూడా ఆవిడకు తెలిసిపోయింది.

సోమయాజులు గారు లోపలికి చూడకుండానే డబ్బాలో ముక్కు పెట్టారు. సుదీర్ఘంగా పీల్చారు. కళ్ళు మూసుకున్నారు.

"ఎండ్రిన్. శుద్ధ విషం."

లేయా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పంతులుగారూ, ఇది నూనె డబ్బా అండీ. ఇందులో ఉంది ఆవకాయ. పోయిన వేసంగిలో అమ్మగారికి తెలీకుండా మీరు తెచ్చిచ్చిన ఆవకాయే! తమరొకసారి రుచి చూస్తారేమోనని తెచ్చాను!"

ఆడవాళ్ళంతా పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సోమయాజులు గారు దగ్గి, "ఆవకాయలోకి కూడా దిగిందన్నమాట విషం" అన్నారు, గాంభీర్యం చెడకుండా.

"నా ఆవకాయ విషమా?" అంటూ పాక చాటు నుంచి రాజరాజేశ్వరి బయటికొచ్చింది.

ఆయన ముక్కాలిపీట మీంచి పడబోయి నిలదొక్కుకున్నారు. "రాజేశ్వరీ! నువ్విక్కడ... మాట్లు వేసేవాడు ఈ పక్కనే..."

"అయ్యగారిని ఏమనకండమ్మగారండీ" అంది లేయా. "మా వీరయ్య బాబాయి మందు కొట్టే రోజుల్లో కళ్ళు తిరిగి పడిపోయాడండీ. అయ్యగారే ఆసుపత్రికి తీసికెళ్తే బతికాడు. నీళ్ళెందులో తాగుతున్నారని డాక్టరుగారు అడిగారంట. అప్పట్నించీ ఈయన మమ్మల్ని వదలట్లేదు."

రాజరాజేశ్వరి డబ్బాలోంచి పిసరు తీసి నోట్లో వేసుకుని, మూత పెట్టి, "రుచి చూడవలసింది ఆయన కాదు, నేను. వచ్చే ఏడు ఉప్పు కాస్త తగ్గిస్తాను" అంది. భర్త వైపు తిరిగి, "రండి, ఇంటికి" అంది.

మామిడితోటల మధ్య బాట మీద ఇద్దరూ ఇంటి దారి పట్టారు. రెండు పక్కలా పంపుల చప్పుడు.

"ఎప్పటి నుంచీ?" అంది ఆవిడ.

"ఏది? బిందెలా?"

"ముక్కు."

ఆయన నాలుగడుగులు వేశారు. "ఆ ఏడు పంపుల దగ్గర నిలబడ్డానే, ఆ మర్నాడు జలుబు చేసింది. జలుబు పోయింది. వాసన తిరిగి రాలేదు. మందు వల్లో జలుబు వల్లో డాక్టరుకీ తేలలేదు."

"ఆ తేనెటీగల్ని వాసన చూసినప్పుడు..."

"అప్పుడే తెలిసింది. ఏమీ తగల్లేదు."

రాజరాజేశ్వరి ఆగిపోయింది. కాఫీలు, మల్లెపూలు, ఆవకాయ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తన మీద మనసు తగ్గిందని తను అనుకున్న మనిషి, లేని వాసనను ముక్కుతో వెతుక్కుంటూ ఇన్నేళ్ళూ తన పక్కనే కూచున్నాడు.

"నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే నువ్వు వంట మానేసి ఏడుస్తూ కూచుంటావని."

"మరి వాసన తెలీనివారు ఆ డబ్బాల తీర్పులేంటండీ?"

"ఏ డబ్బా అయితే ఏమిటే, అన్నీ విషం డబ్బాలే. డాక్టరు చెప్పాడని చెప్పాను, వినలేదు. తోమామన్నారు, మెరుస్తోందన్నారు. నాతో వాదించారు. నా ముక్కుతో ఎవరూ వాదించలేదు." ఆయన కొంచెం గర్వంగా నవ్వారు. "అంత పేరున్న ముక్కును ఊరికే పారేసుకుంటామా?"

"మరి మన వియ్యపురాలి వంకాయ?"

"అది మాత్రం పొరపాటే. అలవాటులో వచ్చేసింది."

ఆ వారమే రాజరాజేశ్వరి భర్తను వెంటబెట్టుకుని బసవపున్నారావు పురుగుమందుల కొట్టుకు వెళ్ళింది. ఖాళీ డబ్బా తెచ్చి మేకుతో చిల్లులు పొడిస్తే గాని కొత్త డబ్బా ఎవరికీ అమ్మవద్దంది. కుదరదన్నాడు బసవపున్నారావు. "డబ్బా గట్టిదని చూసే మందు కొంటారమ్మగారూ! చిల్లులు పెడితే నా బేరం ఏం కావాలి?"

"సరే. రేపటి నుంచి ఈయన మీ ఇంటికొస్తారు. మీ బియ్యండబ్బా దగ్గర్నించి మీ మంచం కోళ్ళ దాకా అన్నీ వాసన చూస్తారు. చూసినవి చూసినట్టు వీధిలో నిలబడి చెబుతారు."

సోమయాజులు గారు ముక్కు ఎగబీల్చి, బసవపున్నారావు చొక్కా వైపు కొద్దిగా వంగారు.

"వద్దులెండి!" అన్నాడు బసవపున్నారావు. మర్నాటికి కొట్టు గుమ్మానికి సుత్తీ, మేకూ తాడు కట్టి వేలాడాయి. పేరంటాల్లో రాజరాజేశ్వరి తాంబూలం కన్నా ముందు పాత బిందెలు అడగడం మొదలెట్టింది. సుబ్బాయమ్మ గారు రెండిచ్చింది, ఒకటి చిల్లుదైనా.

మాఘమాసం వచ్చింది. ఆదివారం ఇద్దరూ తోటకు వెళ్ళారు. చుట్టూ ఉన్న పెద్ద తోటల్లో బంగినపల్లి చెట్లకు మందు పడుతూనే ఉంది, గాలి అటు తిరిగితే గొంతు మండుతోంది. కానీ మసితోటలో, ముసలి రసాల చెట్ల నెత్తి మీద, పల్చగానే అయినా తేనెటీగలు తిరుగుతున్నాయి. సోమయాజులు గారు చెట్టుకు చేరగిలబడి చెవులు రిక్కించి కూచున్నారు.

"ఎలా ఉంది?" అని అడిగారు నెమ్మదిగా.

రాజరాజేశ్వరి కళ్ళు మూసుకుంది. జన్మలో వాసన చూసి మాట చెప్పిన మనిషి కాదు. తడుముకుంటూ మొదలుపెట్టింది. "పచ్చిపాలు మీగడ కట్టినట్టుంది. అందులో తేనె. కొంచెం... కొబ్బరిపువ్వు లాగా..."

"కొబ్బరిపువ్వా!" ఆయన చటుక్కున లేచి కూచున్నారు. "రసం పూతలో కొబ్బరిపువ్వు ఎక్కడి నుంచి వస్తుందే? అది ఎండ తగిలిన ఆకు. సరిగ్గా పీల్చు!"

ఆవిడ నవ్వు ఆపుకుని, మళ్ళీ ఊపిరి తీసుకుంది.